బీఐఎస్ చదివేవాళ్లకి ప్లేస్‌మెంట్, ఉద్యోగాలు: పెద్ద పేరా, మంచి పనా?

వేకువ:
అందరికీ నమస్కారం. నేను బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (బీఐఎస్) రెండో సంవత్సరం. మా కోర్సులో మూడో ఏడు మొత్తం ఏదైనా కంపెనీలో పనిచేసి, నాలుగో ఏడు తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేయొచ్చు. ఆ పని ఏడాదినే ప్లేస్‌మెంట్ అంటారు. తప్పనిసరేం కాదు. వద్దనుకుంటే నేరుగా ఆఖరి సంవత్సరానికి వెళ్లిపోయి ఏడాది ముందే బయటపడొచ్చు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకి కోడింగ్ ఉద్యోగాలున్నాయి. అకౌంటింగ్, ఫైనాన్స్ వాళ్ల దారి వాళ్లకుంది. మేం డేటాబేస్ కొంచెం, అకౌంటింగ్ కొంచెం, సిస్టమ్స్ ఎనాలిసిస్ కొంచెం, మేనేజ్‌మెంట్ కొంచెం చదువుతాం. జాబ్ సైట్లలో మా డిగ్రీ పేరు కొడితే పెద్దగా ఏమీ రావట్లేదు.

చేతిలో రెండు అవకాశాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ, 'డేటా ఆపరేషన్స్' టీమ్. పని ఏమిటో ప్రకటనలో రెండు లైన్లకి మించి లేదు. రెండోది సరుకు పంపిణీ చేసే మధ్యరకం కంపెనీ, పేరు ఎవరూ విని ఉండరు. వాళ్ల ఈఆర్‌పీ (కొనుగోళ్లు, సరుకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) వాడే ఉద్యోగులకి అప్లికేషన్ సపోర్ట్ ఇవ్వాలి. ఇంట్లో అందరూ పెద్ద పేరే తీసుకోమంటున్నారు. అసలు ప్లేస్‌మెంట్ చేయాలా, చేస్తే ఏది? టెన్షన్‌గా ఉంది, సీనియర్లు చెప్పండి.

తోకచుక్క:
వేకువ గారూ, ముందు వెతుకులాట సంగతి. డిగ్రీ పేరుతో ఉద్యోగాలు ప్రకటించేవాళ్లు చాలా తక్కువ. బిజినెస్ ఎనాలిస్ట్, సిస్టమ్స్ ఎనాలిస్ట్, ఈఆర్‌పీ ఫంక్షనల్ కన్సల్టెంట్, ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్, సీఆర్ఎమ్ (కస్టమర్ల వివరాలు నడిపే సాఫ్ట్‌వేర్) అడ్మిన్, రిపోర్టింగ్ ఎనాలిస్ట్, టెస్ట్ ఎనాలిస్ట్, ఐటీ ఆడిట్, ఇవన్నీ మీ డిగ్రీకి సరిపోయేవే. ఒకే పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అందుకే పైనున్న పేరు వదిలేసి కింద పని వివరం చదవండి. రిక్వైర్‌మెంట్లు సేకరించడం, ప్రాసెస్ మ్యాపింగ్ (పని జరిగే తీరు గీసి చూపడం), యూఏటీ (వాడేవాళ్లే సిస్టమ్‌ని పరీక్షించడం), మాస్టర్ డేటా (కస్టమర్లు, సప్లయర్లు, వస్తువుల మూల వివరాలు) లాంటి మాటలు కనబడితే అప్లై చేసేయండి.

ఇక అన్నీ కొంచెం కొంచెం అన్న బెంగ. నేను రోజూ చూసే విషయం ఒకటి చెప్తాను. కొనుగోలు విభాగం 100 పెట్టెలకి ఆర్డర్ పెట్టింది. గోడౌన్‌కి 95 వచ్చాయి, అక్కడివాళ్లు 95 అనే నమోదు చేశారు. సప్లయర్ 100 పెట్టెలకి ఇన్‌వాయిస్ పంపాడు. ఈఆర్‌పీ ఆర్డర్నీ, రసీదునీ, ఇన్‌వాయిస్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చుతుంది. త్రీ వే మ్యాచ్ అంటాం. లెక్క కలవలేదు కాబట్టి బిల్లు ఆపేస్తుంది. సప్లయర్ డబ్బు రాలేదని ఫోన్ చేస్తాడు. అకౌంట్స్ వాళ్లు 'సిస్టమ్ ఆపేసింది' అంటారు. డెవలపర్ 'సిస్టమ్ చేయాల్సిందే చేసింది' అంటాడు. ఇద్దరి మాటా నిజమే, కానీ బిల్లు మాత్రం కదలదు.

మిగతా 5 పెట్టెలు దారిలో ఉన్నాయా, పగిలిపోతే గోడౌన్ వాళ్లు లెక్కలోకి తీసుకోలేదా, ఎంత తేడా వరకూ వదిలేయొచ్చని కంపెనీ నియమం పెట్టుకుంది, ఆ టాలరెన్స్ సెట్టింగ్ మార్చే అధికారం ఎవరికుంది, మార్చితే రేపు ఆడిట్‌లో ఏమంటారు? ఇవన్నీ అడిగి తేల్చే మనిషి కావాలి. డేటాబేస్ ఒక్కటే తెలిసినా కుదరదు, అకౌంటింగ్ ఒక్కటే తెలిసినా కుదరదు. మీరు చదువుతున్నది సరిగ్గా ఈ పనికే. నా ఓటు రెండో కంపెనీకి.

చిలకపచ్చ:
నేను ఈ మధ్యే ప్లేస్‌మెంట్ ముగించి ఆఖరి సంవత్సరంలో చేరాను. చేయండి, కచ్చితంగా చేయండి. కానీ ముందే ఒక మాట. మొదటి కొన్ని వారాలు చాలా నీరసంగా ఉంటాయి. లాగిన్ రాదు, వచ్చినా సగం స్క్రీన్లు తెరుచుకోవు, అందరూ బిజీగా ఉంటారు. నన్ను ఎందుకు తీసుకున్నారా అనిపిస్తుంది. అది మీ లోపం కాదు, అందరికీ అంతే.

నాకు పని తెలిసింది నెలాఖరు క్లోజింగ్‌లో, అంటే ఆ నెల లెక్కలు ముగించేటప్పుడు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న తేడాలన్నీ ఆ రెండు మూడు రోజుల్లో ఒకేసారి బయటికొస్తాయి. ఏ విభాగం ఎవరి మీద ఆధారపడి ఉందో, ఎవరు ఎక్సెల్‌లో పక్కన రహస్యంగా ఇంకో లెక్క నడుపుతున్నారో అప్పుడే కనబడుతుంది. సపోర్ట్ డెస్క్‌ని తక్కువగా చూడకండి. సిస్టమ్ ఎక్కడ నొప్పెడుతుందో టికెట్లు (వాడేవాళ్లు పంపే ఫిర్యాదులు) చదివితే తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. ఒకే రకం టికెట్ మళ్లీ మళ్లీ వస్తోందంటే దాని వెనక ఒక ప్రాసెస్ సరిగా లేదన్నమాట. నేను అలాంటి టికెట్లని ఒకచోట చేర్చి, కారణం రాసి మేనేజర్‌కి చూపించాను. ఆ తర్వాత నన్ను మీటింగులకి పిలవడం మొదలుపెట్టారు. నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కూడా అందులోంచే వచ్చింది.

వరుసనిలువు:
పైవాళ్లు చెప్పింది బాగుంది కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. 'మనం బిజినెస్ వైపు, కోడింగ్ మనకెందుకు' అనుకుని దెబ్బతింటున్న బీఐఎస్ పిల్లలు చాలామంది. జావా, సీ ప్లస్ ప్లస్ అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష) మాత్రం చేతికి రావాలి. దానికి పునాది అయిన రిలేషనల్ మోడల్ (డేటాని టేబుళ్లుగా అమర్చే పద్ధతి) పేపర్ ఎడ్గర్ కాడ్ ప్రచురించింది 1970లో. 55 ఏళ్లు దాటినా బిజినెస్ డేటాలో సింహభాగం ఇంకా టేబుళ్లలోనే ఉంది. ఇది నేర్చుకుంటే వృథా అయ్యే ప్రసక్తే లేదు.

సిలబస్‌లో సెలెక్ట్ (వరుసలు తీయడం), జాయిన్ (రెండు టేబుళ్లని కలపడం) చెప్పి వదిలేస్తారు. అసలు ప్రమాదం జాయిన్‌లోనే ఉంటుంది. ఒక ఆర్డర్ విలువ 1000. కస్టమర్ రెండు వాయిదాల్లో కట్టాడు, అంటే పేమెంట్స్ టేబుల్‌లో రెండు వరుసలు. ఆర్డర్ నంబర్ మీద రెండు టేబుళ్లనీ జాయిన్ చేసి ఆర్డర్ విలువ కూడితే 2000 వస్తుంది. క్వెరీ తప్పు చూపించదు, రిపోర్ట్ అందంగానే వస్తుంది, అమ్మకాలు మాత్రం రెట్టింపవుతాయి. కూడిక వేసే ముందు ఏ టేబుల్‌లో ఒక వరుస అంటే దేనికి ఒకటి అని అడగడం అలవాటు చేసుకోండి. నల్ (విలువ లేని ఖాళీ గడి) విలువలూ అంతే. 'సమానం కాదు' అని షరతు పెడితే నల్ ఉన్న వరుసలు చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి.

ఎక్సెల్ కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోండి, దాని హద్దులతో సహా. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ పాజిటివ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లో ఒక షీట్‌కి 65,536 వరుసలకి మించి పట్టవు, మిగతావి తెగిపోయాయి. అంత పెద్ద వ్యవహారం ఫైల్ ఫార్మాట్ దగ్గర ఆగింది. వరుసలు ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అని సరిచూసే మనిషి ఉంటే ఆ రోజే దొరికేది. ప్లేస్‌మెంట్‌లో మీరు ఆ మనిషి అవ్వొచ్చు.

తోకచుక్క:
వరుసనిలువు గారితో నాకు గొడవేం లేదు. ఎస్‌క్యూఎల్ కావాలి. కాకపోతే దాన్ని ముందు పెట్టి ప్రాసెస్‌ని వెనక పెట్టొద్దంటాను. మీ 1000 ఆర్డర్ ఉదాహరణలో కూడా వాయిదాలు ఉంటాయన్న సంగతి తెలిసినవాడికే 2000 చూడగానే అనుమానం వస్తుంది.

వరుసనిలువు:
అది నిజం. ఒప్పుకుంటున్నా.

లెక్కలపద్దు:
ఎవరూ చెప్పని దారి ఒకటుంది, ఐటీ ఆడిట్. అమెరికాలో 2002లో సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం వచ్చాక, అక్కడి స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు ఆర్థిక లెక్కల మీద తమ అంతర్గత నియంత్రణలు పనిచేస్తున్నాయని చూపించాల్సి వచ్చింది. లెక్కలన్నీ సిస్టముల్లోనే ఉన్నాయి కాబట్టి సిస్టముల్ని కూడా పరీక్షించాలి. ఆడిట్ సంస్థలు ఈ పనికి ఫ్రెషర్లని, ప్లేస్‌మెంట్ విద్యార్థుల్ని బాగా తీసుకుంటాయి.

పని ఎలా ఉంటుందంటే, గత ఏడాది కంపెనీ వదిలి వెళ్లినవాళ్ల జాబితా హెచ్ఆర్ నుంచి తెస్తాం. సిస్టమ్‌లో ఇంకా పనిచేస్తున్న యూజర్ ఐడీల జాబితా ఐటీ నుంచి తెస్తాం. రెండూ పోల్చుతాం. వెళ్లిపోయిన మనిషి ఐడీ ఇంకా బతికి ఉంటే, ఆ తేదీ తర్వాత దాంతో ఎవరైనా లాగిన్ అయ్యారా చూస్తాం. అలాగే కొత్త సప్లయర్‌ని సిస్టమ్‌లో చేర్చే అధికారం, ఆ సప్లయర్‌కి డబ్బు విడుదల చేసే అధికారం ఒకే మనిషికి ఉందా అని చూస్తాం. ఉంటే దొంగ సప్లయర్‌ని సృష్టించి తనే డబ్బు తీసుకోవచ్చు కదా. నాకు ఈ పని చాలా ఇష్టం. ఒకే ఏడాదిలో రకరకాల కంపెనీల లోపలి వ్యవహారం చూస్తాం.

సీసా (CISA, ఐటీ ఆడిటర్లకి ఇచ్చే) సర్టిఫికెట్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పరీక్ష ముందే రాయొచ్చు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే అయిదేళ్ల అనుభవం అడుగుతారు, చదువుకి కొంత మినహాయింపు ఉంటుంది. రెండో ఏడులో దాని గురించి ఆలోచించక్కర్లేదు.

వేకువ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్నాళ్లూ ఒక్కరు కూడా ఇంత వివరంగా చెప్పలేదు. ఇంకో రెండు సందేహాలు. ఇవి కాక వేరే కంపెనీలకి పంపిన అప్లికేషన్లలో చాలావాటికి జవాబే లేదు. నా రెజ్యూమేలో ఉన్న లైన్లు ఇలాంటివి: 'గ్రూప్ ప్రాజెక్ట్‌లో డేటాబేస్ డిజైన్ చేశాం', 'మంచి కమ్యూనికేషన్ స్కిల్స్', 'ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ పరిచయం'. రెండోది, ఏఐ వచ్చాక జూనియర్ ఎనాలిస్ట్ పనులే ముందు పోతాయంటున్నారు. నేను బయటికొచ్చేసరికి ఏమైనా మిగులుతుందా?

గట్టుమీద:
ప్లేస్‌మెంట్ విద్యార్థుల్ని ఇంటర్వ్యూ చేసి తీసుకునేవాళ్లలో నేనొకణ్ని. రెజ్యూమే సంగతి ముందు చూద్దాం అమ్మా.

'పరిచయం' అన్న మాట తీసేయండి. గ్రూప్ ప్రాజెక్ట్‌లో మీరు ఏం చేశారో రాయండి. ఉదాహరణకి, 'లైబ్రరీ సిస్టమ్ ప్రాజెక్ట్‌లో, ఒకే పుస్తకానికి పలు కాపీలు ఉన్నప్పుడు ఏ కాపీ ఎవరి దగ్గరుందో తెలిసేలా టేబుల్‌ని రెండుగా విడగొట్టాను. ఆలస్య రుసుము లెక్కకి క్వెరీ రాశాను.' ఇది చదివితే నాకు మీరు ఆలోచించే తీరు తెలుస్తుంది, ఇంటర్వ్యూలో అడగడానికి ప్రశ్న దొరుకుతుంది. 'మంచి కమ్యూనికేషన్' అని అందరూ రాస్తారు. దాని బదులు ఇంటర్వ్యూలో ఒక చిన్న ప్రాసెస్‌ని నాకు అర్థమయ్యేలా చెప్పండి, సరిపోతుంది.

ఏఐ గురించి నేను చూస్తున్నది చెప్తాను. మీటింగ్ నోట్సు, మామూలు క్వెరీలు, యూజర్ స్టోరీల (వాడేవాళ్లకి ఏం కావాలో చెప్పే చిన్న వాక్యాలు) మొదటి చిత్తుప్రతి, రిపోర్ట్ కింద నాలుగు వాక్యాల వివరణ, ఇవి మా దగ్గర ఇప్పుడు టూల్స్ చేస్తున్నాయి. ఇంతకు ముందు ఇవే జూనియర్లకి మొదటి పని. కాబట్టి భయం ఊరికే వచ్చింది కాదు. అయితే టూల్ రాసిన క్వెరీకి వచ్చిన జవాబు నమ్మొచ్చా అన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు చెప్పేవాళ్లు ఇప్పుడు ఎక్కువ కావాలి. అందుకే ఇంటర్వ్యూ మార్చేశాను. మునుపు రిపోర్ట్ తయారు చేయమనేవాణ్ని. ఇప్పుడు తయారైన రిపోర్ట్, దాని వెనక డేటా ఇచ్చి, ఇందులో లోపం పట్టుకోమంటాను. పైన చెప్పిన రెట్టింపు అమ్మకాల లాంటిదే ఒకటి దాచి పెడతాను. బొమ్మ రంగులు బాగాలేవనే వాళ్లు ఉంటారు. 'ఈ శాఖలో అమ్మకాలు పెరిగాయి, సరుకు మాత్రం బయటికి వెళ్లలేదు, ఎలా?' అని అడిగేవాళ్లు అరుదుగా ఉంటారు. వాళ్లని నేను వదలను. అన్నట్టు ఆ ప్రశ్న అడగడానికి టూల్ అక్కర్లేదు, సరుకు ఎలా కదులుతుందో తెలిస్తే చాలు.

మబ్బుచాటు:
అందరూ చేయండి చేయండి అంటున్నారు. రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నేను చేసిన ప్లేస్‌మెంట్‌లో ఇంటర్వ్యూలో 'సీఆర్ఎమ్ మైగ్రేషన్ ప్రాజెక్ట్' అన్నారు. చేరాక ప్రాజెక్ట్ వాయిదా పడింది. నన్ను పాత కస్టమర్ కార్డులు చూసి ఫోన్ నంబర్లు టైప్ చేసే పనికి పెట్టారు. జీతం నామమాత్రం. నెలలు గడిచినా మారలేదు. యూనివర్సిటీలో చెప్తే 'అనుభవమే కదా' అన్నారు. నాతో పాటు చదివి నేరుగా డిగ్రీ ముగించినవాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో చేరిపోయారు. ఏడాది అంటే చిన్న విషయం కాదు. పని చేయించుకుని డబ్బివ్వనివాళ్ల దగ్గర, పని ఏమిటో కాగితం మీద రాసివ్వనివాళ్ల దగ్గర ఎవరూ చేరొద్దు. అంతకన్నా నేరుగా చదువు ముగించడమే నయం.

చిలకపచ్చ:
మబ్బుచాటు గారూ, చదివి చాలా బాధేసింది. మీకు జరిగింది అన్యాయం. యూనివర్సిటీ కూడా అలా వదిలేయకూడదు, మధ్యలో ఒకసారైనా వచ్చి విద్యార్థి ఏం చేస్తున్నాడో చూడాల్సిన బాధ్యత వాళ్లకుంది.

వేకువ, ఇది చాలా ముఖ్యం. చేరకముందే పని వివరం, సూపర్‌వైజర్ ఎవరు, జీతం, పని గంటలు, యూనివర్సిటీ తరఫున ఎవరు ఎప్పుడు పర్యవేక్షిస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. గడువు మధ్యలో పని మార్చమని అడిగే హక్కు ఒప్పందంలో ఉందా చూడండి.

లెక్కలపద్దు:
దీనికి ఇంకో మాట. చదువూ పనీ కలిపే ఈ పద్ధతిని 1906లో హెర్మన్ ష్నైడర్ సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ వాళ్ల కోసం మొదలుపెట్టినప్పటి ఉద్దేశం, తరగతిలో నేర్పలేనిది పనిచోట నేర్చుకోవాలని. నేర్పడం అన్నది లేకపోతే అది ప్లేస్‌మెంట్ కాదు, చవకగా దొరికిన కూలీ. మబ్బుచాటు గారి కోపం న్యాయమైనది.

గట్టుమీద:
ప్లేస్‌మెంట్ దొరకనివాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇది చదువుతూ ఉంటే వాళ్ల కోసం. మీకు తెలిసిన ఏదో ఒక నిజమైన చోటు తీసుకోండి, కాలేజీ క్లబ్బు కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు. వాళ్ల సభ్యత్వ రుసుమో, వస్తువుల జాబితానో ఎలా నడుస్తుందో కూర్చుని చూడండి. బీపీఎమ్ఎన్‌లో (ప్రాసెస్‌ని బొమ్మగా గీసే ప్రామాణిక పద్ధతి) గీయండి. అంతా సవ్యంగా జరిగే దారి ఎవరైనా గీస్తారు. డబ్బు తిరిగివ్వాల్సి వస్తే, ఒకే పేరుతో ఇద్దరుంటే, బాధ్యుడు సెలవులో ఉంటే ఏమవుతుందో గీయండి. తర్వాత చిన్న డేటాబేస్, ఒక రిపోర్ట్, వాడేవాళ్లతో పరీక్ష, వాళ్లు చెప్పిన లోపాలు, మీరు చేసిన మార్పులు. ఇవన్నీ నాలుగు పేజీల్లో పెట్టి తెచ్చిన అమ్మాయిని మేం ప్లేస్‌మెంట్ లేకపోయినా తీసుకున్నాం.

తోకచుక్క:
ఈఆర్‌పీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి సమయం అనుకూలంగానే ఉంది. ఎస్ఏపీ కంపెనీ కొత్త ఈఆర్‌పీ, ఎస్ ఫోర్ హానా, 2015లో వచ్చింది. వాళ్ల పాత ఈఆర్‌పీ అయిన ఈసీసీకి మామూలు మెయింటెనెన్స్ 2027 ఆఖరు వరకే అని ఎస్ఏపీ ప్రకటించింది, అదనంగా డబ్బు కట్టేవాళ్లకి 2030 వరకు. చాలా కంపెనీలు ఇంకా మారుతూనే ఉన్నాయి. మారడం అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక్కటే కాదు, మాస్టర్ డేటా శుభ్రం చేయాలి, ప్రతి ప్రాసెస్‌నీ మళ్లీ పరీక్షించాలి. ఆ టెస్టింగ్‌లోనే కొత్తవాళ్లకి చోటు దొరుకుతుంది.

తొందరపడితే ఏమవుతుందో హెర్షీ కంపెనీ 1999లో చూపించింది. కొత్త సిస్టమ్‌ని హాలోవీన్ సీజన్‌కి సరిగ్గా ముందు మొదలుపెట్టారు. గోడౌన్లలో చాక్లెట్లు ఉన్నాయి, 10 కోట్ల డాలర్లకి పైగా ఆర్డర్లు మాత్రం సమయానికి అందించలేకపోయారు. టెస్టింగ్‌ని చిన్నపనిగా చూసేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెప్తాను.

వేలకి వేలు పోసి సర్టిఫికెట్ కోర్సుల్లో చేరకండి. సీఆర్ఎమ్ సాఫ్ట్‌వేర్ చేసే సేల్స్‌ఫోర్స్ వాళ్ల శిక్షణ సైట్ ట్రెయిల్‌హెడ్ ఉచితం, అందులో ప్రాక్టీస్ ఆర్గ్ (సాధన చేసుకునే సొంత సిస్టమ్) కూడా ఇస్తారు. మొదటి ఉద్యోగానికి అలాంటివి చాలు.

వేకువ:
చిన్న అప్‌డేట్. రెండు కంపెనీలకీ ఒకే మెయిల్ పెట్టాను. మొదటి మూడు నెలల్లో నేను ఏం చేస్తాను, ఎవరి కింద పనిచేస్తాను, ఏ సిస్టముల్లో యాక్సెస్ ఇస్తారు, ఇంతకు ముందు ఈ స్థానంలో ఉన్న విద్యార్థితో మాట్లాడొచ్చా అని.

పెద్ద కంపెనీ హెచ్ఆర్ నుంచి 'చేరాక టీమ్ అవసరాన్ని బట్టి' అని వచ్చింది. పంపిణీ కంపెనీలో ఐటీ మేనేజర్ గారే ఫోన్ చేశారు. మొదట టికెట్లు, తర్వాత నెలాఖరు క్లోజింగ్‌లో అకౌంట్స్ వాళ్ల పక్కన కూర్చోవాలి, ఏడాది రెండో సగంలో గోడౌన్ స్కానింగ్ మాడ్యూల్‌కి యూఏటీ ఉంది, దాని టెస్ట్ కేసులు నేను రాయాలట. నిరుటి విద్యార్థి నంబర్ కూడా ఇచ్చారు. ఆయనతో మాట్లాడాను. తనకి ప్రాజెక్ట్ దొరకలేదని, కానీ అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు దొరికిందని చెప్పారు. ఇంట్లో నాన్నకి ఆ ఫోన్ సంభాషణ మొత్తం చెప్పాను, ఒప్పుకున్నారు. పంపిణీ కంపెనీకే సరేనని చెప్తున్నాను. పని వివరం రాసి పంపమన్నాను, పంపారు.

ఒక్క సందేహం. ఎస్‌క్యూఎల్ సాధన కోసం వాళ్ల డేటాబేస్ యాక్సెస్ అడగొచ్చా, మొదటి నెలలోనే అడిగితే అతి అనుకుంటారా?

మబ్బుచాటు:
రాతపూర్వకంగా తీసుకున్నారు, అది చూసి సంతోషంగా ఉంది. ఆ మెయిల్ జాగ్రత్తగా దాచుకోండి.

వరుసనిలువు:
అడగండి, అతి ఏం కాదు. కాకపోతే అడిగే తీరు ఉంది. లైవ్ డేటాబేస్ కాదు, టెస్ట్ కాపీ మీద చదవడానికి మాత్రమే అనుమతి కావాలని అడగండి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాస్క్ చేసిన కాపీ ఉందా అని కూడా మీరే ముందు అడగండి. డేటా మీ సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎప్పుడూ దించుకోకండి, సాధన కోసమైనా సరే. యాక్సెస్ రాగానే మొదటి పనిగా ఆర్డర్ల టేబుల్, డెలివరీల టేబుల్, ఇన్‌వాయిస్‌ల టేబుల్ ఎక్కడున్నాయో వెతికి, ఒక్క ఆర్డర్‌ని మొదటి నుంచి చివరి దాకా వెంబడించండి. పాక్షికంగా డెలివరీ అయినది ఎంచుకోండి, అందులోనే విషయం ఎక్కువ ఉంటుంది. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడ టేబుళ్ల నిర్మాణం మాత్రం రాయండి, డేటా పెట్టొద్దు. కలిసి చూద్దాం.